బీరన్న మొనపలక

రాళ్లరేవు బక్కయ్య యాభై మూడేళ్లు వచ్చేదాకా ఎవరితోనూ వాదించి ఎరగడు. వాదన మొదలయ్యేలోపే ఎదుటివాడు కింద పడి ఉండేవాడు. అలాంటి మనిషి చేత ప్రభుత్వం కాగితం మీద వాదన చేయించింది. మన ప్రజాస్వామ్యం ఏమీ సాధించలేదనేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

మేళ్లచెరువు దాటాక, సిమెంటు లారీల దుమ్ము కాస్త పలచబడే చోట, రోడ్డు నేరుగా కృష్ణలోకి దిగిపోతుంది. అదే రాళ్లరేవు. ఆవలి ఒడ్డు పల్నాడు. నడుమ బక్కయ్య ఇంజన్ పడవ. ఇరవై మంది మనుషులు, లేదా యాభై గొర్రెలు, లేదా ఆరు మోటారు సైకిళ్లు పడతాయి. పెళ్లివారైతే అన్నీ కలిపి పడతాయి.

బక్కయ్యది పడవల ఇల్లు కాదు, గొర్రెల ఇల్లు. తండ్రి బీరన్నకు రెండు వందల జీవాలుండేవి. ఎండాకాలం ఆవలి ఒడ్డున గడ్డి దొరుకుతుందని ఏటా మందను దాటించేవాడు. ఒక ఏడు అప్పటి పడవవాడు గొర్రెల వాసన గురించి ఏదో అన్నాడు. బీరన్న అతన్ని తన గొర్రెల కర్రతోనే కొట్టాడు. చెయ్యి విరిగింది. ఆ తర్వాత ఆ రేవులో ఏ పడవవాడూ బీరన్నను ఎక్కించుకోలేదు. గడ్డి మాత్రం ఆవలి ఒడ్డునే ఉంది. చేసేదిలేక బీరన్న సగం మందను అమ్మి సొంత పడవ కొన్నాడు. ఆ విధంగా ఒక్క దెబ్బతో ఒక వంశం వృత్తి మారింది. మిగిలిన సగం మందను పడవ మరమ్మతులు పదేళ్లలో తినేశాయి.

బీరన్న పోయిన కొన్నేళ్లకు ఆ పడవా పోయింది. బక్కయ్య మద్దిచెక్కతో కొత్త పడవ కట్టించాడు. అప్పుడు ఒక పని చేశాడు. మందకు ముందు నడిచే పొట్టేలు చచ్చిపోతే దాని మెడలోని గంటను విప్పి కొత్త పొట్టేలుకు కట్టడం గొర్రెలవాళ్ల రివాజు. గంట మారితే మంద దారి తప్పుతుందని వాళ్ల నమ్మకం. పడవకు గంట లేదు కాబట్టి, బక్కయ్య పాత పడవ ముందు మొనకున్న పలకను ఊడదీసి, కొత్త పడవ మొన మీద పదకొండు మేకులతో దిగ్గొట్టాడు. వడ్రంగి ఏదో చెప్పబోయాడు. బక్కయ్య అతని వైపు ఒకసారి చూశాడు. వడ్రంగి చెప్పబోయిన మాటను అక్కడే మింగేసి మేకులు అందించాడు.

ఆ పలక మామూలు పలక కాదు. దాని మీద మూడు సొట్టలున్నాయి. మొదటిది బక్కయ్య నుదుటిది. పద్నాలుగేళ్ల వయసులో పడవను బండకు ఎక్కించినందుకు బీరన్న కొడుకు జుట్టు పట్టుకుని ఆ పలకకేసి కొట్టాడు. పలకకు చిన్న సొట్ట పడింది, బక్కయ్యకు పెద్ద మచ్చ మిగిలింది. రెండోది ఆవలి ఒడ్డు పడవవాడి దవడది. మన ఒడ్డు జనాన్ని వాడు పిలుచుకుపోతున్నాడని బక్కయ్య సొంతంగా చేసింది. మూడోది ఎవరిదో తండ్రీకొడుకులు ఇద్దరికీ గుర్తులేదు. అన్నీ గుర్తుపెట్టుకోవడానికి వాళ్లేమీ రిజిస్ట్రారు ఆఫీసు కాదు. ఏటా గంగమ్మకు పొట్టేలును కోసి ఆ రక్తం పలకకే పూసేవారు. దాని మీద పసుపు, దాని మీద మళ్లీ రక్తం. ముప్పై నలభై ఏళ్ల పూతల కింద చెక్క ఏ రంగులో ఉందో చూసినవాడు లేడు.

బక్కయ్యను ఉత్త కొట్లాటవాడు అంటే మాత్రం అన్యాయం. పందొమ్మిదేళ్ల కింద వరదలో ఎవరిదో పడవ తిరగబడితే, అతను దూకి ఏడుగురిని బయటికి లాగాడు. అందరినీ ఒకే పద్ధతిలో. మునిగేవాడు కాపాడేవాడి మెడ పట్టుకుంటాడు. పట్టుకుంటే ఇద్దరూ పోతారు. అందుకని బక్కయ్య ముందు దవడ మీద ఒకటి గట్టిగా ఇచ్చి, మనిషి సోలగానే జుట్టు పట్టి ఈడ్చేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ముందుపళ్లు లేని ఏడుగురు ఈనాటికీ బక్కయ్య పేరు చెప్పి దండం పెడతారు. మనుషులు బతకాలంటే కొట్టాలి అనే సిద్ధాంతం అతనికి పుస్తకాల్లోంచి రాలేదు.

ఇంట్లో మాత్రం ఆ సిద్ధాంతం చెల్లలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి భార్య రేణుకమ్మ మీద చెయ్యి ఎత్తాడు. ఆమె రోకలి ఎత్తింది. చెయ్యి దిగింది, రోకలి దిగలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో శాంతి ఒప్పందం అమల్లో ఉంది.

నవంబరులో పడవల తనిఖీ వచ్చింది. ఎక్కడో వేరే నదిలో పడవ మునిగి జనం పోయారట. అలా ఎక్కడో మునిగితేనే ఇక్కడ తేలుతున్నవాటి మీద సర్కారు చూపు పడుతుంది. మిర్యాలగూడ నుంచి మురళీధర్ అనే తనిఖీ అధికారి జీపులో దిగాడు. చేతిలో ఒక పుస్తకం, ఒక టేపు, ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్. టీ ఇస్తే వద్దన్నాడు. చేపలిస్తామంటే వద్దన్నాడు. ఏమీ వద్దనే అధికారిని బక్కయ్య అంతకుముందు చూడలేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

మురళీధర్ ఇంజన్ చూశాడు, బాగుందన్నాడు. అడుగు చూశాడు, బాగుందన్నాడు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు. ఇరవై ఉండాల్సినవి నాలుగున్నాయి. అందులో ఒకదానిలో కోడి పొదుగుతోంది. చివరికి మొన దగ్గరికి వచ్చి, రేవు అంచున నిలబడి, స్క్రూడ్రైవర్‌తో పలకను పొడిచాడు. అది పిడిదాకా దిగింది.

"ఏంది సార్ గది? ఎందుకు పొడుస్తున్నవ్?" అన్నాడు బక్కయ్య.

"పుచ్చిపోయిందయ్యా. బురదల దిగినట్టు దిగింది."

"గది చెక్క గాదు. మా నాయిన."

మురళీధర్‌కు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యే అవకాశమూ లేదు. స్క్రూడ్రైవర్‌ను పట్టి లాగాడు. దానితోపాటు పసుపు, నల్లటి రక్తపు పెచ్చు, అరచేతంత చెక్క ఊడి వచ్చాయి. బక్కయ్య పక్కనున్న తెడ్డు అందుకున్నాడు. అది గాలిలో తిరగడం చూసి మురళీధర్ వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనక అడుగు వేయడానికి రేవు లేదు, కృష్ణ ఉంది.

లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన ఆయన తాను తొడుక్కుని రాలేదు. ఈతా రాదు. రెండుసార్లు మునిగి మూడోసారి తేలాడు. అప్పుడు బక్కయ్య తెడ్డు పారేసి దూకాడు. మురళీధర్ అతని మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. బక్కయ్య తన విద్యను తాను ప్రయోగించాడు. దవడ మీద ఒక్కటి. ఆ దెబ్బ చప్పుడు ఒడ్డుమీది జీపు డ్రైవరుకు కూడా వినిపించింది. జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చి బోర్లా వేసి వీపు మీద గుద్దాడు. నీళ్లు వచ్చాయి, ప్రాణం వచ్చింది, ఒక పన్ను కూడా వచ్చింది.

పోలీసులకు ఈ రక్షణ కార్యక్రమంలోని సూక్ష్మం బోధపడలేదు. స్టేషనులో లాఠీకి, బక్కయ్య వీపుకు ఒక రాత్రంతా పరిచయం జరిగింది. ఆ విషయంలో అతనిది అనుభవజ్ఞుడి దృష్టి. "మా నాయిన ముందు వీళ్లు బడిపోరగాండ్లు" అని తేల్చాడు. అయినా వారం రోజులు బోర్లాపడుకునే తిన్నాడు. పదో రోజున బెయిల్ మీద ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఒక కవరు ఎదురుచూస్తోంది.

రేణుకమ్మ ఏడో తరగతిదాకా చదివింది. కవరు చించి, ప్రార్థన చదివినట్టు గట్టిగా చదివింది. సారాంశం ఇది. ఒకటి, పడవ ముందుభాగపు చెక్క పూర్తిగా పుచ్చినది. రెండు, లైఫ్ జాకెట్లు నాలుగు మాత్రమే గలవు, అందొకటి కోడి వినియోగంలో ఉన్నది. మూడు, పడవ నడుపువాడు తనిఖీ అధికారిని నీటిలో పడునట్లు చేసి, నీటిలోనున్న సదరు అధికారిని దవడపై కొట్టినాడు. కావున అనుమతి రద్దు చేయడమైనది. ముప్పై దినములలో సదరు పడవను రేవులోనే పగలగొట్టవలెను. అభ్యంతరమున్నచో అదే గడువులో సూర్యాపేటలో అప్పీలు చేసుకొనవచ్చును.

బక్కయ్య లేచి మూలనున్న గొడ్డలి అందుకున్నాడు.

"ఏడికి?" అంది రేణుకమ్మ.

"మిర్యాలగూడకు. పగలగొడ్తడంట నా పడవను. ఆయన తలకాయ ఎంత గట్టిగున్నదో నేను సూడొద్దా?"

"పో. తలకాయ పగలగొట్టి జైలుకు పో. మల్లొచ్చేసరికి పడవ కట్టెల మోపైతది. జనవరి ఆఖరుకు లింగ్యా మేస్త్రి మిరపకోతల మందిని దోల్కొస్తడు. రెండు నెలలు రోజూ దాటించాలె. ఏడాదికంతా గదే గంజి మనకు. పడవ కావాల్నా, ఆయన తలకాయ కావాల్నా? ఒక్కటి చెప్పు."

బక్కయ్య చాలాసేపు ఆలోచించాడు. అంత సేపు ఆలోచించాల్సిన ప్రశ్న కాదది. అయినా ఆలోచించాడు.

"పడవ" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"మరి గొడ్డలి గాడ పెట్టి, కోదాడ పోదాం పా. వకీలున్నడు."

కోదాడ వకీలు నగేష్ మాట సగం మన ఒడ్డుది, సగం ఆవలి ఒడ్డుది. ఉత్తర్వు మొత్తం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని అడిగాడు.

"తెడ్డు ఆయనకి తగిలిందా?"

"తగల్లే. తగిలితే నీళ్లల్ల ఎందుకు పడ్తడు సార్? గాడ్నే పడ్తడు."

"ఈ మాట ఎక్కడా అనకు. చూడు బక్కయ్యా, మూడో కారణం పడవది కాదు, నీది. నీ ఫిట్‌నెస్ గురించి ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. అది క్రిమినల్ కోర్టు చూసుకుంటుంది. రెండోది తేలిక, పదహారు జాకెట్లు కొనెయ్. కోడికి వేరే బుట్ట ఇవ్వు. చిక్కంతా మొదటిదే. పడవ పుచ్చిందా?"

"పడవ ఉక్కు. పలక పాతది. పడవకు, పలకకు ఏం సంబంధం లేదు. మీదికెల్లి కొట్టిన."

నగేష్ ముఖం వెలిగింది. వకీలు ముఖం వెలిగితే ఎవరికో మూడిందని అర్థం. ఎవరికో అప్పటికి తెలియలేదు.

అప్పీలు వేశాక, జనవరిలో సూర్యాపేటలో విచారణ రోజున రేణుకమ్మ ఒక ఏర్పాటు చేసింది. మజ్జిగతో నిండుగా ఉన్న చెంబును భర్త రెండు చేతుల్లో పెట్టింది. "లోపలికి పోయి బయటికొచ్చేదాక చెంబు దించకు. ఒక్క సుక్క ఒలికినా మనిషిని కొట్టినట్టే లెక్క" అంది. చేతులు ఖాళీగా ఉంటే బక్కయ్య ప్రమాదమని ఆమెకు పాతికేళ్ల అనుభవం. అలా ఆ అప్పీలుదారుడు హాలులోకి పూజారి తీర్థం తెచ్చినట్టు నడిచి వచ్చాడు.

అప్పీలు అధికారి దేవిక చిన్న వయసు ఇంజనీరు. చెంబును చూసి, ఫైలు తెరిచింది. ఎదుటి కుర్చీలో మురళీధర్ కూర్చున్నాడు. ముందుపన్ను లేకపోవడం వల్ల ఆయన ఏం చెప్పినా మధ్యలో ఈల వినిపించేది. ఆ ఈల వినబడినప్పుడల్లా బక్కయ్య చెంబులో అల లేచేది.

నగేష్ లేచాడు. "మేడం, తనిఖీ అధికారిగారు పొడిచింది పడవను కాదు. మీద అలంకారంగా కొట్టిన ఒక పాత చెక్కను. పెళ్లికొడుకు బాసికం చిరిగిందని పెళ్లికొడుకును రద్దు చేయరు కదా! ఆ పలకకు పడవతో ఎలాంటి సంబంధమూ లేదు. అది పడవలో భాగమే కాదు."

చెంబులోంచి మజ్జిగ బక్కయ్య కాళ్ల మీద పడింది.

"పడవలో భాగం కాదంటారు" అంది దేవిక.

"ముమ్మాటికీ కాదు మేడం."

"అయితే తీసెయ్యండి. సోమవారం నేను రేవుకు వస్తాను. నా ముందే తీయాలి. కింది చెక్క గట్టిగా ఉంటే రద్దు ఉత్తర్వు నేనే కొట్టేస్తాను. పుచ్చి ఉంటే పడవను ఆ రోజే పగలగొట్టిస్తాను. సరేనా?"

"సరే మేడం" అన్నాడు నగేష్, గెలిచినవాడి గొంతుతో.

ఆఫీసు మెట్లు దిగిన మరుక్షణం చెంబు బాధ్యత తీరిపోయింది. మిగిలిన మజ్జిగ నగేష్ కోటు మీదికి పోయింది. చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. బక్కయ్య వకీలు కాలర్ పట్టుకుని గోడకు నొక్కి, నేలకు జానెడు ఎత్తున నిలబెట్టాడు.

"మా నాయినను పడవల నుంచి ఎల్లగొట్టినవ్ గదరా! నిన్ను పెట్టుకున్నది గందుకేనా?"

"నువ్వే... నువ్వే అన్నావు... సంబంధం లేదని..." వకీలు ముఖం ఎర్రబడి నీలానికి తిరుగుతోంది.

రేణుకమ్మ నడుమకొచ్చి, సొట్టపోయిన చెంబుతో భర్త మోచేతి ఎముక మీద ఒక్కటి వేసింది. చెయ్యి తిమ్మిరెక్కి వకీలు కిందికి జారాడు.

"కోటు ఉతికిస్తం సార్, ఏమనుకోవద్దు" అంది ఆమె. భర్త వైపు తిరిగి, "సోమవారం నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా? నేనైతే నవ్వుకుంట తీస్త. నీ నాయిన నన్ను అన్న మాటలన్నీ నాకింకా యాదికున్నయ్" అంది.

"నేనే తీస్త" అన్నాడు బక్కయ్య, మోచెయ్యి నిమురుకుంటూ. "ఇంకొకడు ముట్టుకుంటే నరుకుత."

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా రేవు నిండింది. దేవిక వచ్చింది. మురళీధర్ వచ్చాడు. ఈసారి జీపు దిగకముందే లైఫ్ జాకెట్ తొడుక్కుని, బకిల్స్ మూడూ బిగించుకుని దిగాడు. దామరచర్ల దగ్గరి తండా నుంచి లింగ్యా మేస్త్రి కూడా వచ్చాడు. కోతలకు ఇంకా నాలుగు రోజులే ఉంది. పడవ బతికితే తన మందిని ఎక్కిస్తాడు, లేకపోతే వేరే దారి చూసుకుంటాడు. ఏడుగురు ముందుపళ్లు లేనివాళ్లు వచ్చి ఒకచోట కూర్చున్నారు. ఒడ్డుమీద ప్రభుత్వపు కూలీలు ఇద్దరు సమ్మెటలతో నిలబడ్డారు. పుచ్చి ఉంటే ఆ రోజే అన్నది ఉత్తమాట కాదని తెలియడానికి ఆ సమ్మెటలు చాలు.

పడవను లోతు తక్కువున్న చోటికి లాగి కట్టి, బక్కయ్య గొడ్డలితో మొన ముందు నడుములోతు నీళ్లలోకి దిగాడు. పలకకు దండం పెట్టలేదు. రెండు చేతులా గొడ్డలి ఎత్తి వేశాడు.

పలక పైన మెత్తనే గానీ మేకులు మొండివి. పదకొండింటినీ తానే దిగ్గొట్టాడు, తండ్రి మీద భక్తితో. ఇప్పుడు ఆ భక్తి అంతా అడ్డం తిరిగింది. మొదటి దెబ్బకు పెచ్చులే లేచాయి. రెండో దెబ్బకు తన నుదుటి సొట్ట ఉన్న చోట చీలిక పడింది. మూడో దెబ్బ నుంచి అతను పడవను తనిఖీకి చూపిస్తున్న మనిషిలా లేడు. ఎవరినో కొడుతున్నాడు. "బండెక్కిచ్చిన్నా? ఆఁ? బండెక్కిచ్చిన్నా?" అని పళ్ల సందున గొణుగుతూ కొడుతున్నాడు. ఎండిన రక్తం, పసుపు పొడిగా లేచి నీళ్ల మీద తెట్టులా పరుచుకున్నాయి. ఒక ముక్క ఎగిరొచ్చి నుదుటిని కోసింది, సరిగ్గా పాత మచ్చ మీదే. రక్తం కంట్లోకి దిగినా ఆగలేదు. తొమ్మిదో మేకు, పదో మేకు. పదకొండోది ఊడినప్పుడు పలక మూలుగులాంటి చప్పుడు చేసి నీళ్లలోకి ఒరిగింది. రేణుకమ్మ వంగి దాన్ని ఒడ్డుకు లాగింది.

అందరూ మొన వైపు చూశారు.

పలక కిందిచెక్క నల్లగా ఉంది. తడిగా ఉంది. రెండు జానల పొడుగున చెదిరి, నానిన అటుకుల్లా ఉంది. అందులోంచి ఒక జెర్రి నింపాదిగా బయటికొచ్చి, ఇన్నేళ్ల తర్వాత వెలుతురు చూసి, మళ్లీ లోపలికి పోయింది.

ఇరవై ఏళ్ల కింద వడ్రంగి చెప్పబోయి మింగింది ఏమిటో బక్కయ్యకు అప్పుడు వినబడింది. పాత చెక్క కింద నీళ్లు నిలుస్తాయి. గంట పొట్టేలు మెడను ఏమీ చేయదు. పలక పడవను తింటుంది. పడవల ఇంట పుట్టినవాడు ఎవడైనా ఆ సంగతి చెప్పేవాడు. గొర్రెల ఇంట పుట్టినవాడికి ఎవరు చెప్పబోయినా అతను చెప్పనివ్వలేదు.

మురళీధర్ నీళ్లలోకి దిగి స్క్రూడ్రైవర్ పెట్టాడు. దిగింది. "నేను రాసిందే నిజం మేడం" అన్నాడు, ఈలతో సహా.

బక్కయ్య అతని వైపు తిరిగాడు. ముఖం మీద రక్తం, చేతిలో గొడ్డలి. మురళీధర్ వెనక్కి అడుగు వేసి బకిల్స్ తడుముకున్నాడు. సమ్మెటలవాళ్లు సమ్మెటలు ఎత్తారు. "బక్కన్నా, ఒద్దే!" అని లింగ్యా ఒడ్డుమీంచి అరిచాడు. రేణుకమ్మ మాత్రం కదల్లేదు. పడవ కావాల్నా, తలకాయ కావాల్నా అని తాను అడిగిన రోజు అతను చెప్పిన జవాబు ఆమెకు గుర్తుంది. అతనికి గుర్తుందో లేదో చూస్తోంది.

గొడ్డలి లేచింది. దిగింది. పడవ మొనలోనే దిగింది.

ఇంకోటి. ఇంకోటి. పుచ్చును పుచ్చుగా చెక్కి పారేస్తున్నాడు. నల్లటి పొట్టు, జెర్రి, నీళ్లు అన్నీ ఎగిరిపడుతున్నాయి. పక్కనున్నవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. నాలుగు వేళ్ల లోతు పోయాక గొడ్డలి చప్పుడు మారింది. మెత్తటి చప్పుడు పోయి ఖంగుమంది. మద్దిచెక్క ఎర్రగా, పొడిగా బయటపడింది. బక్కయ్య గొడ్డలి ఒడ్డుకు విసిరేసి, రొప్పుతూ అన్నాడు.

"సార్, రా. ఇప్పుడు పొడువు. నీ బలమెంతున్నదో అంత బలంతోని పొడువు."

మురళీధర్ దేవిక వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన నాలుగుచోట్ల పొడిచాడు. నాలుగోచోట స్క్రూడ్రైవర్ మొన వంగింది. ఆయన నిజాయితీపరుడు. పన్ను పోయినా అది పోలేదు. "గట్టిగా ఉంది మేడం. పుచ్చు నాలుగు వేళ్ల లోతే. మొనదుంగ ఒక్కటి మారిస్తే సరిపోతది" అన్నాడు.

"పొయినసారి గీ మాటెందుకు రాయలేదు సార్?" అన్నాడు బక్కయ్య.

"లోపలిది చూసే టైమ్ నువ్విచ్చినవా?"

బక్కయ్య చెయ్యి అలవాటుగా తెడ్డు కోసం తడిమింది. తెడ్డు అందేచోట లేదు.

దేవిక జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసింది. రాసింది చదివి వినిపించింది. రద్దు ఉత్తర్వును సవరించడమైనది. పడవను పగలగొట్టనవసరం లేదు. మొనదుంగ మార్చి, ఇరవై జాకెట్లు సమకూర్చి, తిరిగి తనిఖీ చేయించుకునేదాకా నడపరాదు. మూడో కారణం కోర్టు పరిధిలో ఉన్నది. ఇకమీదట పడవ మీద ఏ అలంకారమైనా తీసి చూపించడానికి వీలుగా ఉండవలెను.

సమ్మెటలవాళ్లు నిరాశగా లారీ ఎక్కారు.

"గెలిచాం" అన్నాడు నగేష్. అతను భద్రమైన దూరంలో, ఉతికిన కోటుతో నిలబడి ఉన్నాడు.

"పడవ ఒడ్డుకున్నది, మూతి పగిలున్నది. మంది వేరేటోని పడవల పోతున్నరు. గెలుసుడంటే గిట్లుంటదా?"

"చట్టంలో ఇలాగే ఉంటుంది బక్కయ్యా."

"మల్ల మా రేవుల కొట్లాటనే నయం. ఎవడు గెలిసిండో రక్తం చూస్తె ఎరుకైతది."

"అద్దంలో చూసుకో" అన్నాడు నగేష్. బక్కయ్య నుదురు తడుముకున్నాడు. ఆ రోజు ఆ రేవులో రక్తం కారింది అతనొక్కడికే.

లింగ్యా దగ్గరికొచ్చాడు. "మొదటి కోతకు వేరే పడవల పోతం బక్కన్నా. తప్పదు. రెండో కోత ఇరవై రోజులకు. అప్పటికి చెయ్యి."

"చెయ్యకుంటె నా పేరు బక్కయ్య గాదు."

పలకను ఏం చేద్దామని బక్కయ్య అడిగేలోపే రేణుకమ్మ దాన్ని ఇంటికి మోసుకుపోయింది. రెండు రోజులు ఎండబెట్టి, చీల్చి, కూర పొయ్యి కింద పెట్టింది. బాగా మండింది. ఇన్నేళ్ల రక్తమూ పసుపూ తాగిన చెక్క కదా. "మామ ఇన్నేండ్లకు ఇంటికి అక్కరకొచ్చిండు" అంది. బక్కయ్య ఆ కూర తినలేదు. రాత్రి ఆకలేసి తిన్నాడు.

మొనదుంగ మార్చడానికి పాత వడ్రంగినే పిలిచాడు. ముసలాయన ఏదో చెప్పబోయి అలవాటుగా ఆగాడు.

"చెప్పు" అన్నాడు బక్కయ్య. "పూర్తిగ చెప్పు. ఇంటున్న."

ముసలాయన భయపడి ఇంకో రెండు లోపాలు కూడా చెప్పాడు. బక్కయ్య పిడికిలి బిగించి, విప్పి, అవీ చేయమన్నాడు.

పద్దెనిమిదో రోజున మురళీధర్ వచ్చాడు. జాకెట్‌లోనే వచ్చాడు. పొడవగలిగినచోటల్లా పొడిచాడు, ఎక్కడా దిగలేదు. మొనకు మాత్రం ఒక ఇనుప కొక్కెం, దానికి చిలుమెక్కిన ఒక పెద్ద గంట వేలాడుతున్నాయి. బీరన్న మందలో ఆఖరి పొట్టేలుది. అటక మీది మూటలోంచి రేణుకమ్మే వెతికి తీసింది.

"ఇదేంది?" అన్నాడు మురళీధర్, స్క్రూడ్రైవర్ ఎత్తి, మళ్లీ దించి.

బక్కయ్య గంటను కొక్కెం నుంచి తీసి, కిందిచెక్కను చూపించి, మళ్లీ తగిలించాడు. మురళీధర్ సంతకం పెట్టాడు.

రెండో కోతకు లింగ్యా మంది వచ్చింది. ఇరవై మంది ఎక్కారు. ఇరవై జాకెట్లు పంచాడు. పందొమ్మిది మంది తొడుక్కున్నారు. ఒక మనిషి మాత్రం, "గీ ఎండల గీ సంచి ఎవడు తొడుగుతడు? నాకీతొస్తది" అన్నాడు.

బక్కయ్య ఇంజన్ ఆపాడు. తెడ్డు తీశాడు. ఒడ్డుమీది ఏడుగురిలో ఒకాయన చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని, "తొడుక్కోరా నాయినా! నాకూ ఈతొస్తుండె!" అని అరిచాడు. నోట్లో ముందుపళ్లు లేకపోవడం ఆ దూరానికి కూడా స్పష్టంగా కనిపించింది.

ఆ మనిషి తొడుక్కున్నాడు. బకిల్స్ మూడూ పెట్టుకున్నాడు.

ఆ నెల మురళీధర్ పై అధికారులకు పంపిన నివేదికలో, జిల్లాలోని రేవులన్నింటిలో ప్రయాణికులు నూటికి నూరుపాళ్లు లైఫ్ జాకెట్లు ధరిస్తున్న రేవు రాళ్లరేవు ఒక్కటేనని రాశాడు. ఎందుకు ధరిస్తున్నారనే గడి ఆ ఫారంలో లేదు.